ముప్పై నంబరు అట్ట

ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఆదోనిలో నేను సూపర్‌వైజరుగా ఉన్న కుట్టు యూనిట్‌లో, ఒక వేసవిలో నాలుగు వందల బడి చొక్కాలకు మెడ బిగుతైపోయింది. ఆ తప్పు ఎవరిదో తేలలేదు. తేలకుండా చేసింది నేనే. తప్పుకు మూలమైన అట్టముక్కను సంచిలో పెట్టుకొని ఎమ్మిగనూరు బస్సెక్కాను. ఇప్పటికీ అది నా పాత డైరీలో, ఆ వారం పేజీల మధ్యే ఉంది. దాని మీద స్కెచ్‌పెన్నుతో 30 అని రాసి ఉంటుంది. రాత నాదే.

ఆ ఉద్యోగం మానేశాను. ఎమ్మిగనూరులోనే ఒక కుట్టు శిక్షణ కేంద్రంలో ఇప్పుడు పాఠాలు చెబుతున్నాను. కోర్సు పూర్తిచేసి సూపర్‌వైజర్లుగా వెళ్లే అమ్మాయిలు నన్ను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "మేడం, వాళ్లు మన మాట వినకపోతే ఏం చేయల్ల?" తరగతిలో ఈ ప్రశ్నకు నేనెప్పుడూ సరిగా జవాబు చెప్పలేదు. నలుగురి ముందు నోరు పెగలదు నాకు. పాఠమైతే పుస్తకం అడ్డం పెట్టుకొని ఎలాగో చెప్పేస్తాను. అందుకని జవాబు ఇక్కడ రాస్తున్నాను.

మా యూనిట్ ఒక పాత పత్తి గోదాము మేడ మీద ఉండేది. కింద పత్తి ఉండడం మానేసి ఏళ్లయినా, మెట్ల మూలల్లో దూది పీచు ఇంకా పట్టుకొనే ఉండేది. పదహారు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, పద్దెనిమిది మంది ఆడవాళ్లు. ఆఫీసు బళ్లారిలో. చొక్కా ముక్కలను అక్కడే కత్తిరించి మూటలు కట్టి పంపేవారు. కాలర్ పట్టీలు మాత్రం మేమే కత్తిరించుకునేవాళ్లం. సైజుకొక అట్ట ఉండేది. దాన్ని గుడ్డ మీద పెట్టి, చుట్టూ గీసి కత్తిరించడమే.

మిగతాదంతా గోడ మీది చార్ట్ చెప్పేది. ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరు చేతులు కుట్టాలి, ఎవరు జేబు కుట్టాలి, గంటకు ఎన్ని. చార్ట్ బళ్లారి నుంచి వచ్చింది. దానికి తోడు నంబరు చీటీలు: ప్రతి ముక్క మీదా కుట్టినామె నంబరు అంటించాలి, తప్పు వస్తే ఎవరిదో వెంటనే తెలియాలి. ఈ చీటీల ఆలోచన నాది. ఆ రోజు డైరీలో గర్వంగా రాసుకున్నాను కూడా. వారం తిరిగేసరికి చీటీలు నేల మీద కనిపించేవి, కిటికీ ఊచలకు కనిపించేవి, ఒక్క చొక్కా మీద తప్ప అన్నిచోట్లా కనిపించేవి. ఒకసారి ఆరో నంబరు చీటీ ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే పెద్దమ్మ కొప్పులో దొరికింది.

"నన్నూ లెక్కలో రాసుకో మేడం," అందామె. "ఆరో నంబరు ముసిల్ది."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వానో లేదో గుర్తులేదు. లెక్క ఏ రోజూ పూర్తయ్యేది కాదు. గట్టిగా అడగడం నాకు రాదు. అడగాల్సిన మాటలు ఇంట్లో డైరీలో రాసుకొని, మరుసటి రోజు మెట్లెక్కుతూ మనసులో అనుకొని, పైకి చేరాక "అక్కా, కొంచెం త్వరగా" అని మాత్రం అనేదాన్ని. ఆ మాట మిషన్ల చప్పుడులో నాకే వినపడేది కాదు.

అక్కడున్న వాళ్లలో ముగ్గురి గురించి చెప్పాలి. ఇస్త్రీ పెద్దమ్మ గురించి చెప్పాను. రెండో ఆమె కౌతాళం నుంచి మరో నలుగురితో కలిసి రోజూ బస్సులో వచ్చేది. సగం కన్నడం, సగం తెలుగు, మొత్తం వేళాకోళం. మూడో ఆమె కాలర్ అక్క. మా ఎమ్మిగనూరులోనే నేతపని ఇంటి మనిషి. మగ్గం అమ్మేశాక మిషను నేర్చుకొని ఇక్కడికి వచ్చింది. కాలర్ పట్టీలు కత్తిరించేది ఆమే, కాలర్ మొన తిప్పడంలో ఆమె వేళ్లకు సాటి లేదు. ఇద్దరమూ ఒకే బస్సులో వచ్చేవాళ్లం. ఆమె కిటికీలోంచి చూసేది, నేను లైబ్రరీ పుస్తకం చదువుకునేదాన్ని. మాటలు తక్కువ.

ఏప్రిల్‌లో ఒకరోజు, ఒక నవల ఆఖరి పేజీలు వదల్లేక బస్సు అందుకోలేకపోయాను. అక్క మామూలు బస్సుకే వెళ్లిపోయింది. నేను ఆదోని చేరేసరికి రెండు గంటలు ఆలస్యం. పైన అందరూ కబుర్లలో ఉంటారనీ, ఈ సంగతి బళ్లారికి తెలుస్తుందనీ భయపడుతూ మెట్లెక్కాను. సగం మెట్ల మీదే ఆగిపోయాను. మిషన్ల చప్పుడు వేరుగా ఉంది. మామూలుగా ఆగి ఆగి వినిపించేది, ఆ రోజు తెగకుండా వస్తోంది.

తలుపు సందులోంచి చూశాను. చార్ట్ గోడ మీదే ఉంది. మనుషులే దాని ప్రకారం లేరు. పొడుగు వరస పోయి మూడు గుండ్రాలయ్యాయి. ఒక్కో గుండ్రంలో కాలర్ నుంచి గుండీ దాకా మొత్తం చొక్కా తయారవుతోంది. మూలనున్న ఇస్త్రీ బల్ల మధ్యకు వచ్చింది. పెద్దమ్మ మూడు గుండ్రాలకూ మధ్యలో నిలబడి ఉంది.

లోపలికి వెళ్లాల్సింది. వెళ్లలేదు. మెట్ల మీద కూర్చొని డైరీ తీశాను. ఎవరు ఎవరికి ముక్క అందిస్తున్నారు, ఎవరు లేచి ఎవరి చోట కూర్చుంటున్నారు, అన్నీ రాసుకున్నాను. ఏడాదిగా వీళ్లతో ఉన్నాను. వీళ్లకు పని ఇంత తెలుసని నాకు తెలియదు. అరగంట తర్వాత కౌతాళం ఆమె నీళ్లకని లేచి నన్ను చూసింది.

"అయ్యో, మేడమ్మ వచ్చింది! లేయండమ్మో, యాడోళ్లు ఆడ కూకోండి, బేగ బేగ!"

కుర్చీలు కీచుమన్నాయి. నేను లోపలికి వచ్చి, "వద్దు. అట్లే ఉండండి," అన్నాను. అప్పటిదాకా ఆ గదిలో నేనిచ్చిన ఆర్డర్లలో వెంటనే అమలైంది అదొక్కటే.

ఎందుకిలా మార్చారని కాలర్ అక్కను అడిగాను. నిజంగా తెలుసుకోవాలనే అడిగాను. ఆమె ముందు నా ముఖం చూసింది, తిట్టడానికి అడుగుతున్నానా అని.

"సార్టు గీసినోళ్లు ఈడ కూసోలేదు కదా మేడం," అంది. "కౌతాళం బస్సు తొమ్మిదిన్నరకు గానీ రాదు. వాళ్లొచ్చేదాకా జేబులు కావు, జేబులు కాకుంటే ముందున్నోళ్లకు పని లేదు. ఇప్పుడు వాళ్లైదుగురూ ఒక తావే. ముందు దినం సేసిపెట్టిన ముక్కలు వాళ్లకోసరం ఉంటాయి. సేతులు కుట్టే పాపకు భుజం నొప్పి, అన్నం తిన్నాక ఇంకొకరు కూసుంటారు. మీ సార్టులో భుజం నొప్పి లేదు."

ఈ మాటలు బళ్లారిలోని మేనేజరు సారుకు ఫోన్‌లో చెప్పే ధైర్యం నాకు లేదు. వాట్సాప్‌లో ఉత్తరంలా పొడుగ్గా రాసి పంపాను. సాయంత్రానికి జవాబు వచ్చింది: రెండు వారాలు వాళ్లిష్టం. ముప్పై సైజు లాట్ మొత్తం వాళ్లకే వదిలెయ్. తేడా వస్తే చార్ట్ మళ్లీ అమల్లోకి వస్తుంది, ఈ మార్పు చేయించడానికి ముందు నిలబడ్డ మనిషి ఇంటికి వెళ్తుంది.

అందరికీ చదివి వినిపించాను. ముందు నిలబడ్డ మనిషి ఎవరో ఎవరూ అడగలేదు. అక్క కాలర్ మొన తిప్పుతూనే ఉంది.

"ఇంటికా?" అంది కాసేపటికి. "ఇంటి కాడ మగ్గం గుంత ఉండాది, మగ్గం లేదు. ఆ గుంతలో కాళ్లు పెట్టుకొని ఏం సేయల్ల నేను?"

అలా మొదలైంది. వాళ్లు చేసిన మొదటి పని చీటీల కట్టను కిటికీలోంచి పారేయడం. మొదటి రెండు రోజులు లెక్క చార్ట్ రోజులకన్నా తగ్గింది. ముగ్గురు కిటికీ పక్క చోటు కోసం కొట్లాడుకున్నారు. కౌతాళం ఆమె పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఒకరు అని పంచి, సాయంత్రం ఎండ పడే వేళకు దాన్ని తనకు ఇష్టంలేని ఆమెకు ఇచ్చింది. మూడోరోజు సర్దుకున్నారు. నాలుగోరోజు లెక్క దాటింది. అదీ నేను అడగకుండా.

ఇక నాకు పని లేదు. ఇది మీకు ఎవరూ చెప్పరు. వాళ్లకు వదిలేశాక సూపర్‌వైజరుకు చేతులు ఖాళీ అయిపోతాయి. ఎక్కడ నిలబడాలో తెలియదు. దారపు ఉండలు అందించేదాన్ని, సూదులు తెచ్చేదాన్ని. డైరీలో ప్రశ్నలు రాసుకునేదాన్ని: గుండీలామె ఈరోజు పాట ఎందుకు పాడుతోంది? నిన్నటిదాకా పాడలేదే? ముక్క ఆలస్యమైతే ఇప్పుడు ఎవరూ పక్కామెను విసుక్కోరు, లేచి వెళ్లి తెచ్చుకుంటారు, ఎందుకు? ఒక కథలో ముందు ఏం జరుగుతుందో అన్నట్టు రోజూ మేడ ఎక్కేదాన్ని.

ఐదోరోజు మధ్యాహ్నం అక్క నా దగ్గరకు వచ్చి, "మేడం, ముప్పై అట్ట అంచులు మెత్తబడినాయి. కొత్తది గీసిస్తావా?" అంది.

సంతోషంగా ఒప్పుకున్నాను. ఒక పని దొరికింది. అయితే అన్నం వేళ నా పక్కన ఒక పుస్తకం తెరిచి ఉంది. మంచి మలుపులో ఉంది. అట్టలన్నీ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. పైన ఉన్నదాన్ని తీశాను, కొత్త అట్ట మీద పెట్టి గీశాను, కత్తిరించాను, 30 అని రాశాను. నేను తీసింది ఇరవైయెనిమిది అట్ట. కళ్లు గీత మీద ఉన్నాయి, మనసు ఆ పుస్తకంలోని ఇంట్లో ఉంది. పాత ముప్పై అట్టను కౌతాళం ఆమె మడిచి, ఊగుతున్న తన మిషను కాలి కింద పెట్టుకుంది.

ఆ రోజు నుంచి పట్టీలన్నీ ఒక సైజు చిన్నవిగా వెళ్లాయి. చొక్కా మెడ పెద్దది, పట్టీ పొట్టిది.

తొమ్మిదోరోజు బుధవారం. పెద్దమ్మ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, ఒక చొక్కాకు పై గుండీ పెట్టి, మెడలో తన పిడికిలి దూర్చి చూసింది.

"ఏంమే, ఇట్ల రాండి," అంది. "మా మనవనిది ఇదే సైజు. ఈ సొక్కా వానికి ఎక్కుతాది, గొంతు మటుకు పట్టదు. గుండీ పెడితే వాడు బడిలో పాఠం సెప్పలేడు, ఎక్కిళ్లు పెడతాడు."

కౌతాళం ఆమె నవ్వబోయి ఆగింది. అందరూ లేచి వచ్చారు. ఒకటి చూశారు, పది చూశారు. వెనక మెడ దగ్గర ఒక చిన్న ముడత, ఎంతో నేర్పుగా, కుట్టు కింద కనపడకుండా దాచినది. ప్రతి చొక్కాకూ ఉంది. మూడు గుండ్రాల్లోనూ ఉంది.

"నీకు తెలుసా?" అని అక్క ఒక గుండ్రంలో మెడ కుట్టే ఆమెను అడిగింది.

"పట్టీ సాలలేదు. కత్తిరించేకాడ రవ్వంత తప్పింటాదిలే, అక్క పేరు ఏంటికి ఎత్తల్ల అని సర్దినా."

"నీకు?" అంది రెండో గుండ్రం ఆమెతో.

"నేనూ అట్లనే సర్దినాక్కా."

పెద్దమ్మ తల దించుకుంది. "ఆ ముడత మీద రెండు దినాలు గట్టిగా ఇస్త్రీ తోమినాను నేను," అంది.

ఇది మా వైపు వాళ్లు మాత్రమే చేయగల తప్పు. నేత ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. పోగు తెగితే ఎవరు తెంపారని అడగరు. ఎవరు చూస్తే వాళ్లు అతికేసి ముందుకు పోతారు. యూనిట్‌లో సగం మంది అలాంటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లే, మిగతావాళ్లు వాళ్లను చూసి నేర్చుకున్నారు. నా చీటీలు పోగానే ఆ పద్ధతి గదంతా పరుచుకుంది. నాకు అంత అందంగా కనిపించింది అదే. ఒకరి లోటు ఇంకొకరు చప్పుడు లేకుండా పూడ్చుకుంటున్నారు. అలా పూడ్చి పూడ్చి నాలుగు వందల చొక్కాలు పాడుచేశారు.

అక్క ఒక చొక్కాను ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. "పోగు తెగితే అతకొచ్చు," అంది. "ఇది పోగు కాదు. పడుగే తప్పు పోసినారు. పడుగులో తప్పుంటే ఎన్ని పోగులు అతికి ఏం లాభం?"

పడుగంటే మగ్గం మీద ముందుగా పరిచే నిలువు దారాలు. వాటి లెక్క తప్పితే బట్టంతా తప్పే. ఆ మాట వినగానే నాకు అర్థమైంది. కత్తిరింపు బల్ల మీద నా అట్ట ఉంది. అందరూ ఇస్త్రీ బల్ల చుట్టూ ఉన్నారు. నేను వెళ్లి దాన్ని తీసి సంచిలో పెట్టుకున్నాను. కంగారులో చేశానని రాసుకోవచ్చు. కానీ డైరీలో అబద్ధం రాయను. తెలిసే చేశాను.

తర్వాత సారుకు చెప్పాలా వద్దా అన్న మాట వచ్చింది. ఆయన శనివారం రావాలి.

"ఏంటికి సెప్పల్ల?" అంది కౌతాళం ఆమె. "విప్పి కుట్టేద్దాం. ఆయప్ప వచ్చేలోగా అయినన్ని అయితాయి. మిగిలినవి మూటల అడుగున పెడితే ఎవరు సూస్తారు?"

"సెప్పకుండా సర్దే ఈడికి వచ్చింది," అంది అక్క. "ఇంకా సర్దుదామా?"

"సెప్తే నిన్ను ఇంటికి పంపుతాడు."

"పంపనీ. నేను పోయినా మీ గుండ్రాలు ఉంటే సాలు. అబద్ధం సెప్పి దొరికితే నేనూ పోతా, గుండ్రాలూ పోతాయి." నా వైపు తిరిగింది. "మేడం, ఫోను సేయి."

ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. నంబరు నొక్కలేకపోయాను. అక్క కాసేపు చూసి, నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. స్పీకరు పెట్టి, జరిగింది మొదటి నుంచి చెప్పింది. ఆయన అంతా విన్నారు. చివరికి "రేపు పొద్దున వస్తున్నా" అని పెట్టేశారు.

వచ్చారు. కూర్చోలేదు. బల్ల మీద పరిచిన చొక్కాలను ఒక్కొక్కటే ఎత్తి చూశారు.

"పట్టీలు కత్తిరించింది ఎవరమ్మా?"

"నేను సార్," అంది అక్క.

"మెడకు కుట్టింది?"

మూడు గుండ్రాల్లోంచి ముగ్గురు లేచారు.

"ముడత కనపడలేదా మీకు?"

"కనపడింది సార్," అంది కౌతాళం ఆమె. "కనపడకుండా సేసినాము."

"ఇస్త్రీ చేసిన మనిషికి?"

"నా కండ్లద్దాల్లో ముడత ఉందేమో అనుకున్నా సార్," అంది పెద్దమ్మ.

ఆయన నవ్వలేదు. "అంటే ఏంటి, అందరూనా? నాకు ఒక పేరు కావాలి. ఎక్కడ మొదలైందో చెప్పండి."

"ఎవరు సేసినారని అడిగితే ఈ దినమంతా దానికే పోతాది సార్," అంది అక్క. "ఎట్ల బాగు సేస్తారని అడగండి, సెప్తాము."

"ఆ అట్ట తీసుకురండి ముందు."

నా సంచి నా భుజానికే ఉంది. నోరు తెరవాలి. తెరిస్తే అయిపోతుంది, ఒక్క వాక్యం: సార్, అది నేను గీశాను. ఆ వాక్యం నా నాలుక మీద ఎంతసేపు ఉందో ఇప్పటికీ గుర్తుంది. అక్క చూపు కత్తిరింపు బల్ల మీద నుంచి నా మీదికి వచ్చి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ ఆయన మీదికి వెళ్లింది.

"అది కనపడలేదు సార్. యాడ పడిపోయిందో," అంది. వంగి, కౌతాళం ఆమె మిషను కాలి కింద నుంచి పాత అట్ట లాగింది. "ఇది అసలుది. నలిగింది గానీ కొలత ఉండాది. దీనితో నిన్న సాయంత్రమే కొత్తది గీసి, దీన్ని మళ్లీ ఆడే పెట్టినా, సూడండి. శనివారం సాయంత్రం దాకా ఇయ్యండి. తేడా వస్తే మీరు పంపాల్సిన పని లేదు. అందరినీ సార్టు ప్రకారం కూసోబెట్టి నేనే పోతాను."

ఆయన కొత్త అట్టను టేపుతో కొలిచారు. రెండుసార్లు కొలిచారు. "శనివారం," అని మెట్లు దిగిపోయారు.

ఆ రెండున్నర రోజులు వాళ్లు పనిచేసిన తీరు నేను చెప్పలేను, రాసుకున్నది మాత్రం ఉంది. గుండ్రాలు తీసేసి మళ్లీ వరస వేశారు. చార్ట్‌లోని వరస కాదు, వేరేది. విప్పేవాళ్లు, కొలిచేవాళ్లు, కుట్టేవాళ్లు. ఎవరు ఏది త్వరగా చేస్తారో వాళ్లకు తెలుసు. విప్పడం అందరికన్నా బాగా పెద్దమ్మకు వచ్చు, కాబట్టి ఇస్త్రీ నాకు ఇచ్చారు. నాకు పని ఇచ్చారు! నేను తెచ్చిన చీటీల్లో నాకు నంబరు లేదు, వాళ్ల వరసలో నాకో చోటు ఉంది. చెయ్యి రెండుచోట్ల కాలింది. కౌతాళం ఆమె కుంకుడుకాయంత బొబ్బ చూసి, "మేడమ్మకు ముద్ర పడింది, ఇంక మన మనిషే," అంది.

విప్పిన పట్టీలు కుప్పగా పడ్డాయి. వాటిని పారేయాలా అని ఎవరో అడిగారు. అక్క ఒక పట్టీ తీసి, తర్వాతి లాట్ మూటలోంచి ఇరవైయెనిమిది సైజు చొక్కా ముక్క మీద పెట్టి చూసింది.

"ఇవి ఇరవైయెనిమిదికి అచ్చంగా సరిపోతాండాయి," అంది నెమ్మదిగా. "పారేయొద్దండి, అన్నీ పనికొస్తాయి."

నేను ఇస్త్రీ పెట్టె మీది నుంచి తల ఎత్తలేదు.

శనివారం నాలుగింటికి చివరి చొక్కా అయింది. ఆయన వచ్చి యాభై చొక్కాల మెడలు కొలిచారు. టేపు చుట్టుకుంటూ "సరే," అన్నారు. మెచ్చుకోలేదు. పోతూ పోతూ గోడ మీది చార్ట్ వైపు చూసి, దాన్ని అక్కడే వదిలేశారు. సోమవారం మళ్లీ గుండ్రాలు వేసుకున్నారు, కౌతాళం ఆమె చార్ట్‌ను చించి టిఫిను గిన్నెల కింద పరిచింది.

తర్వాత వాళ్లు ఒక కొత్త పద్ధతి పెట్టుకున్నారు. ఇస్త్రీ బల్ల మీదుగా ఒక దారం కట్టారు. ఎవరైనా ఇంకొకరి తప్పు సర్దితే, సర్దిన చోటును బట్టి ఒక రంగు పోగు ఆ దారానికి ముడివేయాలి. కాలర్‌కు ఎరుపు, చేతికి పచ్చ, జేబుకు నీలం. పేరు అక్కర్లేదు. ఒకే రంగు ముడులు మూడు పడితే మిషన్లన్నీ ఆపి, అందరూ కలిసి చూడాలి. "అతుకు, అతికినానని సెప్పు," అనేది అక్క. నా చీటీలు ఏడాదిలో పట్టుకోలేని తప్పులను ఆ ముడులు ఒక నెలలో పట్టుకున్నాయి. ఎవరూ ఆ దారాన్ని కిటికీలోంచి పారేయలేదు.

ఇంకో మాట. మేనేజరు సారు ఒకసారి వచ్చి మా గుండ్రాలను, దారాన్ని ఫోన్‌లో ఫోటోలు తీసుకెళ్లారు. బళ్లారి యూనిట్‌లో వాటిని బొమ్మగా గీయించి, గోడకు అంటించి, అందరూ ఇలాగే కూర్చోవాలని ఆర్డరు వేశారట. అక్కడ అది కుదరలేదని విన్నాను. మా వాళ్లు ఆ సంగతి చెప్పుకొని వారం రోజులు నవ్వారు.

మాట వినకపోతే ఏం చేయాలని అడిగే పిల్లలూ, ఇంతే నాకు తెలిసింది. వాళ్లు ఎందుకు వినడం లేదో తెలుసుకోవాలని మీకు నిజంగా అనిపిస్తే, సగం పని అయినట్టే. వాళ్లకు వదిలేయండి. కానీ వదిలేసి పక్కకు వెళ్లి పుస్తకం తెరవకండి. చెడ్డ కబురు చెప్పుకోవడానికి వాళ్లకొక దారం ఉండాలి, ఆ దారానికి మీ ముడి కూడా పడాలి. నేను నా ముడి వేయలేదు. ధైర్యం లేక ఊరుకున్నదాన్ని, వాళ్లకు స్వేచ్ఛ ఇచ్చిన మంచి సూపర్‌వైజరని ఆఫీసులో పేరు తెచ్చుకున్నాను. శిక్షణ కేంద్రంలో ఉద్యోగం కూడా ఆ పేరు మీదే వచ్చింది.

యూనిట్‌లో నా చివరి రోజు అక్కా నేనూ మామూలుగానే ఒకే బస్సులో తిరిగొచ్చాం. ఆమె కిటికీ పక్కన. నా ఒళ్లో సంచి, సంచిలో పుస్తకం. ఆ రోజు తెరవలేదు. ఆదోని దాటాక చెప్పేద్దామనుకున్నాను. ఊళ్లు ఒక్కొక్కటే వెనక్కు పోతున్నాయి, వాక్యం మళ్లీ నాలుక మీదికి వచ్చి కూర్చుంది. ఎమ్మిగనూరు వచ్చేసింది. బస్టాండులో దిగి, ఆమె ఇంటి దారి చీలేచోట ఆగాం.

"అక్కా, ఆ అట్ట..." అన్నాను.

ఆమె నా సంచిని ఒకసారి తట్టింది, లోపల ఏముందో తెలిసినట్టు. అప్పటిదాకా నన్ను మేడం అనే పిలిచేది.

"ఇంకోసారి అట్ట గీసేటప్పుడు పుస్తకం మూసి గీయి, పాపా."